తప్పిన సూదులు

సూదుల గది,
ప్రయోగశాల రెండో అంతస్తు

వదినా,

ఫోన్ చేస్తే ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆ పైన అన్నయ్య మధ్యలో దూరి "ఇంక పెట్టేయండి" అంటాడు. అందుకే ఉత్తరం. పని సంగతులు కాగితం మీద పెడితేనే బుర్రలో కుదురుకుంటాయని నువ్వే అంటావుగా.

నీ కుర్చీ ఇప్పుడు నాది. ఎంత నూనె వేసినా కిర్రుమంటూనే ఉంది. మైక్రోస్కోపు పైన గోడకి నువ్వు అంటించి వెళ్లిన కాగితం కూడా అలాగే ఉంది: "పొడవు అల వస్తే సూది తప్పినట్టే. పారేసి ముందుకు పద." కొత్తగా ఎవరు చేరినా మన ప్రయోగశాల పెద్దాయన ముందు ఆ కాగితం చూపించి, ఆ తరవాతే మంచినీళ్లు ఎక్కడుంటాయో చెబుతారు. ఇక్కడ నీ పేరు ఇప్పటికీ సూదుల రాణే.

ఈ ఉత్తరం అన్నయ్యకి కూడా చదివి వినిపిస్తావు కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను, లేకపోతే "మీ ఇద్దరిదీ ఏం భాష" అని మొదలెడతాడు. అన్నయ్యా, విను. ఎలుక గుండెలో రక్తం అందక కొంత భాగం చచ్చి మచ్చకట్టిన చోట, తొడ కండ నుంచి తీసిన లేత కణాలు నాటుతాం. తరవాత గుర్తుపట్టడానికి ముందే వాటికి ఆకుపచ్చ వెలుగు అంటిస్తాం. కొన్ని వారాలు ఆగి, ఆ గుండెని పలచటి ముక్కలుగా కోసి, గోరువెచ్చటి ఉప్పునీళ్లలో బతికించి ఉంచుతాం. ఒక్కో పచ్చ కణంలోకి వెంట్రుక కన్నా సన్నటి గాజు సూది దింపి, అది కదిలినప్పుడు పుట్టే విద్యుత్తు అలని తెర మీద చూస్తాం. తొడ కండ అల ముల్లులా లేచి వెంటనే పడిపోతుంది. గుండె అల లేచి, తీరిగ్గా కాసేపు నిలబడి, అప్పుడు మెల్లగా దిగుతుంది. నాటిన కణాలు గుండెలో బతుకుతాయి కానీ ఎన్నాళ్లున్నా వాటి అల తొడ అలే, అవి పరాయివిగానే ఉండిపోతాయి అని తేల్చింది మీ ఆవిడే.

ఇప్పుడు అసలు కబురు. ఈ ఏడాదితో ఈ పని ఆపేసి, గదిని పక్కవాళ్లకి ఇచ్చేద్దామని పెద్దాయన అంటున్నారు. పరాయి కణాలు గుండె లయకి అడ్డం పడితే మేలు కన్నా కీడే ఎక్కువని ఆయన భయం. నన్ను ఎలుకల మేతల లెక్కకి మారుస్తారట. మేత గురించి నాకు తెలిసిందల్లా తినడమే.

వదినా, ఒక చిన్న అనుమానం. సూది తప్పిందని నీకు ఎలా తెలిసేది? తెర మీద అలని చూసేనా, లేక చేతికి తెలిసేదా? ఊరికే అడుగుతున్నా.

నీ నూనె డబ్బా,
ఉడుత


వంతెన పనివాళ్ల క్వార్టర్స్,
చివరి ఇల్లు

ఉడుతా,

నువ్వు "ఊరికే" అన్నావంటే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. నా పెళ్లైన కొత్తలో ఇలాగే వచ్చి, "వదినా, నీకు ఆ నీలం గ్లాసంటే బాగా ఇష్టమా, ఊరికే అడుగుతున్నా" అన్నావు. అప్పటికే దాన్ని పగలగొట్టి, ముక్కలన్నీ ఏరి నీ పెట్టెలో దాచావు. ఈసారి ఏం పగలగొట్టావో చెప్పు.

అడిగావు కాబట్టి చెబుతున్నా. నాటిన కణం సన్నగా పొడుగ్గా ఉండి మచ్చ అంచున పడుకుంటుంది. దాని కిందే మామూలు గుండె కణం ఉంటుంది. సూది ఒక్క పిసరు ఎక్కువ దిగిందా, పచ్చ కణాన్ని పొడుచుకుని కిందదాంట్లో కూర్చుంటుంది. కళ్లకి పచ్చ కనిపిస్తూనే ఉంటుంది, తెర మీద అల మాత్రం గుండెది వస్తుంది. చేతికేం తెలియదు. అలని చూసే తెలుసుకోవాలి. ఆ కాగితం అందుకే అంటించాను. అది లేకపోతే మీలాంటివాళ్లు పొడవు అల చూడగానే "మారిపోయింది, మారిపోయింది" అని గంతులేసి మా అందరి పరువూ తీస్తారు.

ఇక్కడ వంతెనకి ఇంకా సగం స్తంభాలే లేచాయి. మీ అన్నయ్య ఒంటినిండా సిమెంటుతో వచ్చి గుమ్మంలోనే చెప్పులు దులుపుతాడు, ఆ దుమ్మంతా నేను మింగుతాను. నేను బడిలో సైన్సు చెబుతున్నాను. జాలిపడకు. బదిలీ ఆయనదే అయినా, రావాలని అనుకున్నది నేనే. అయినా ఆ గదిలో నేను గడిపిన ఏళ్లకి మిగిలింది ఒక్క మాట: నాటిన కణాలు పరాయివి. అది పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. చదివినప్పుడల్లా నా వీపు నేనే తట్టుకుంటాను, తట్టేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి.

గది మూయడం గురించి పెద్దాయనతో గట్టిగా మాట్లాడు. నీ గొంతు మన ఇంట్లో లేస్తుంది కానీ బయట లేవదు, అదే నీ జబ్బు.

ముందే అనుమానించిన
వదిన


సూదుల గది

వదినా,

పగలగొట్టానో లేదో ఇంకా తెలియదు. కానీ దాచాను, అది నిజం.

నేను ఏదీ పారేయలేనని నీకు తెలుసు. విరిగిన పెన్సిళ్లు దాచిన దాన్ని, తప్పిన అలలు పారేస్తానా? నీ కాగితం చెప్పినట్టు లెక్కలోంచి తీసేశాను, ఒట్టు. కానీ ఒక్కటి కూడా పారేయకుండా కంప్యూటర్లో "చెత్త" అని పేరు పెట్టి పక్కన పెట్టాను. మేతల లెక్కకి మారేలోపు అదంతా ఊడ్చేద్దామని మొన్న తెరిచి, ఊరికే (ఈసారి నిజంగానే ఊరికే) కణాలు నాటి ఎన్ని వారాలైందో దాన్నిబట్టి వరసగా పేర్చాను.

వదినా, నాటిన కొత్తలో తీసిన గుండెల్లో తప్పిన సూదులు లేనట్టే. వారాలు గడిచే కొద్దీ పెరుగుతూ వచ్చాయి. బాగా ఆలస్యంగా తీసినవాటిలో, మచ్చ అంచున ఉన్న కణాల దగ్గర, సగానికి సగం తప్పినవే. మొదట్లో నేను సూది పట్టుకుంటే వణికేదాన్ని, ఇప్పుడు కళ్లు మూసుకుని దింపగలను. చెయ్యి కుదిరే కొద్దీ తప్పులు పెరగడం ఏమిటి?

అంతే అయితే నోరు మూసుకునేదాన్ని. వాటిలో కొన్ని అలలు తొడవీ కావు, గుండెవీ కావు. ముల్లులాగే లేస్తాయి, కానీ వెంటనే పడవు. పడదామా వద్దా అని కాసేపు ఆలోచిస్తాయి. సూది తప్పి గుండె కణంలో పడితే గుండె అలే రావాలి కదా? మధ్యలో ఉన్న అల ఎవరిది?

నాటిన కణాలు గుండె పక్కన కూర్చుని గుండె అల నేర్చుకుంటున్నాయేమో వదినా. మనం వాటిని ఇన్నాళ్లూ "తప్పింది" అని బయటికి గెంటేసి, మిగిలినవాటినే చూపించి "మారలేదు" అంటున్నామేమో.

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. పెద్దాయనకి ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెప్పాలనిపించింది. కోప్పడు, కానీ జవాబు రాయి.

నీ
ఉడుత


క్వార్టర్స్

చిరంజీవి ఆడపడుచుకి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం.

వారాలు గడిచే కొద్దీ మచ్చ ముడుచుకుంటుంది. నాటిన కణాలు పలచబడతాయి, గుండె కణాలు ఇంకా దగ్గరికి వస్తాయి. పలచటి దాంట్లోంచి సూది తేలిగ్గా జారుతుంది. తప్పులు పెరగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. సగం అలల సంగతంటావా, సూది పచ్చ కణాన్ని సగం చీల్చి కిందదాన్ని సగం తాకినా అలాంటివి వస్తాయి. గాయపడ్డ కణం ఏ అలైనా చూపిస్తుంది. ఇది నీకు నేర్పించాననే అనుకున్నాను.

నా ఏళ్ల పనిని నీ "చెత్త" మీద నిలబెట్టి కొలుస్తానంటే ముందు నీ సూది ఏ కణంలో ఉందో చూపించు. సూదిలో ఎర్ర రంగు పోసుకో. అల తీసుకున్నాక ఆ రంగుని కణంలోకి తొయ్యి. సూది తప్పి ఉంటే ఎరుపు కింద గుండె కణంలో నిండుతుంది. నీ పచ్చ కణం పచ్చగానే ఉండిపోతుంది. అదే జరుగుతుంది. అప్పుడు ఆ చెత్తని నిజంగానే ఊడ్చేయవచ్చు.

దీనికి జవాబు అక్కర్లేదు. ఫలితం రాస్తే చాలు.

వదిన


సూదుల గది

వదినా,

నీ ఉత్తరం చదివి బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. "చిరంజీవి ఆడపడుచుకి" అట! నా పెళ్లి శుభలేఖలో కూడా నువ్వు నన్ను ఉడుత అనే వేయిద్దామన్నావు. అన్నయ్య పడనివ్వలేదు కానీ.

ఏడ్చాక ఎర్ర రంగు తెప్పించాను. ఏం లాభం? సూది నిండా పోస్తే మొన దగ్గర గడ్డకట్టి అల రావట్లేదు. కాస్త పలచగా పోస్తే కణంలోకి దిగకముందే కారిపోయి ఉప్పునీళ్లన్నీ గులాబీ రంగు అవుతున్నాయి. గుండె ముక్క బతికి ఉండే కాసేపూ నేను తుడుచుకోవడంతోనే సరిపోతోంది. పోనీ వదిలేద్దామా అనుకున్న రోజే పెద్దాయన పిలిచారు.

ఆయన చేతిలో నీ చేతిరాత కనిపించింది. నా మీద ఫిర్యాదు రాశావనుకున్నాను వదినా, అబద్ధం చెప్పను. కుర్చీ అంచున కూర్చుని మేతల గదిలో ఏ మూల కూర్చోవాలో కూడా ఆలోచించేశాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి పైకే చదివారు:

"పిల్ల పొరపాటు పడుతోంది. కానీ చెయ్యి మంచిది. ఎర్ర రంగు పరీక్ష పూర్తయ్యేదాకా గది మూయకండి. ఇప్పుడు మూస్తే నా మాట ఎవరూ పరీక్షించని మాటగా మిగిలిపోతుంది. అలాంటి గెలుపు నాకొద్దు."

పెద్దాయన కాగితం మడిచి, "రాణిగారి హుకుం. పరీక్ష పూర్తయ్యేదాకా గది నీదే" అన్నారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. నాకు ఎందుకు చెప్పలేదు? నన్ను అంత తిట్టి, వెనకనుంచి ఇంత పని చేస్తావా?

సరే, రంగు కారుతోంది. ఏం చెయ్యను?

నీ ఆడపడుచు కాదు, నీ
ఉడుత


క్వార్టర్స్

ఉడుతా,

ఎందుకు చెప్పాలి? చెబితే నువ్వు మెత్తబడతావు. నాకు నువ్వు కోపంగా కావాలి, కోపంలో నీ చెయ్యి వణకదు. నువ్వు తప్పనే నేను ఇప్పటికీ అంటున్నాను, అది మరిచిపోకు.

సూది నిండా రంగు ఎవరు పొయ్యమన్నారు? మొనలో ఒక్క పిసరు చాలు, వెనకంతా మామూలు ఉప్పునీళ్లే. ఎరుపుకి ఉన్నది ధన విద్యుత్తో రుణ విద్యుత్తో చూసి, దిగేటప్పుడు దాన్ని వెనక్కి లాగే వైపు కాస్త కరెంటు పెట్టు, కారదు. కణంలో స్థిరపడ్డాక అల తీసుకో. ఆ తరవాత కరెంటు తిప్పు, రంగు తనంతట తనే ముందుకు వెళుతుంది. బడిపిల్లలకి వల్లెవేయించినట్టు చెబుతున్నా: ముందు అల, తరవాత రంగు.

ఇంకో మాట. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. అంతా విని, "వంతెన కట్టినవాడి బండ్లతో బరువు పరీక్ష చేస్తే మా ఆఫీసులో ఒప్పుకోరు, బయటి లారీలు ఎక్కాలి" అన్నాడు. మొట్టమొదటిసారి మన పని గురించి పనికొచ్చే ముక్క ఒకటి మాట్లాడాడు. అందుకని సూది నువ్వు పట్టుకోకు. పెద్దాయన చేత పట్టించు. ఆయనకి ఇందులో నమ్మకం లేదు, అదే మనకి కావలసింది. నువ్వు చేసి ఎరుపు చూపిస్తే నేనే నమ్మను.

నీ మొహం ఎర్రబడాలని కోరుకోని,
అయినా ఓడిపోవాలని లేని
వదిన


సూదుల గది, చీకటిలో మొదలుపెట్టి
కిటికీ తెరిచాక పూర్తిచేసిన ఉత్తరం

వదినా! వదినా! వదినా!

కూర్చుని చదువు. అన్నయ్యని కూడా కూర్చోబెట్టు.

పెద్దాయన మొదట ఒంటికాలి మీద లేచారు. "సూది పట్టి ఎన్నేళ్లైందో, నా చేత ఈ వయసులో సర్కస్ చేయిస్తారా" అన్నారు. వదిన నమ్మదట అన్నాను. కాసేపు గొణిగి, చేతులు కడుక్కుని వచ్చారు. వెలుగు బాగా కనపడాలని కిటికీలకి నల్లగుడ్డ కట్టాం. గదిలో ఉప్పునీళ్ల పంపు చప్పుడు, నీ కుర్చీ కిర్రు తప్ప ఏమీ లేదు.

మొదటి పచ్చ కణంలోకి ఆయన సూది దింపారు. చెయ్యి ఎక్కడికి పోతుంది వదినా, దిగిన సంగతి తెర కదిలేదాకా నాకు తెలియలేదు. అల వచ్చింది. లేచింది, నిలబడింది, మెల్లగా దిగింది. గుండె అల. ఆయన అలవాటుగా "తప్పింది" అని సూది బయటికి తీయబోయారు. నేను అరిచాను, "తియ్యకండి!" అని. మన ఇంట్లో అరిచినట్టే అరిచాను. పెద్దాయన బిగుసుకుపోయారు.

కరెంటు తిప్పాం. ఏమీ లేదు. అప్పుడు మొన దగ్గర చిన్న ఎర్రచుక్క కనిపించింది. అది పాకడం మొదలుపెట్టింది. పచ్చ కణం వెంట ఇటు చివరిదాకా, అటు చివరిదాకా వెళ్లి, సరిగ్గా దాని అంచు దగ్గర ఆగిపోయింది. ఒక్క వెంట్రుక కూడా బయటికి పోలేదు. పెద్దాయన మైక్రోస్కోపు చూపుని కింద పొరకి దించి చూశారు. కింద గుండె కణం చీకటిగా ఉంది. ఎరుపు లేదు వదినా! సూది తప్పలేదు! ఆ అల పచ్చ కణానిదే!

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, "ఇంకోటి" అన్నారు. ఇంకోటి చేశాం. అదీ అంతే. ఆ తరవాతది నిజంగానే తప్పింది. ఎరుపంతా కింద కణంలోకి దిగింది, పైన పచ్చ అలాగే ఉండిపోయింది. ఇద్దరం పగలబడి నవ్వాం. తప్పితే ఎలా కనపడుతుందో కూడా చూశాం, ఇంక ఏం అనుమానం? సగం అలలు వచ్చిన కణాలు కూడా ఎర్రబడ్డాయి. చిరగలేదు, కారలేదు, ఆరోగ్యంగానే ఉన్నాయి. అవి ఒక అల నుంచి ఇంకో అలకి మారుతూ దారిలో ఉన్నాయి వదినా.

నీ మాట మొత్తం పోలేదు, అది కూడా రాయాలి. మచ్చ నడిమధ్యలో, చుట్టూ గుండె కణాలు లేని చోట పడ్డవి ఇన్ని వారాలైనా ముళ్లే చూపించాయి. అవి నువ్వన్నట్టు పరాయివే. మారినవన్నీ గుండె కణాలని ఒరుసుకుని ఉన్నవే. పక్కన ఎవరున్నారన్నదే తేడా అని నాకు అనిపిస్తోంది.

నల్లగుడ్డ తీసేసరికి గదిలో ఎండ. పెద్దాయన చాలాసేపు నీ కాగితం కేసి చూస్తూ నిలబడ్డారు. నేను చింపేస్తారేమోనని అడ్డం వెళ్లాను. "చింపే అధికారం నాది కాదు, రాణిని అడుగు" అన్నారు. గది మూయరు. మేతల లెక్క వేరే ఎవరో చూసుకుంటారు. శాస్త్రవేత్తల సభలో ఈ ఫలితం నేనే చెప్పాలట, నేనే!

ఇంకొకటి అడగమన్నారు. ఇప్పుడు తెలియాల్సింది, మారిన కణం గుండెతో కలిసి కొట్టుకుంటోందా లేక పక్కన కూర్చుని దాని తీరు మాత్రమే పట్టుకుందా అని. దానికి పక్కపక్క కణాల్లో ఒకేసారి రెండు సూదులు దింపాలి. నాకున్నవి రెండు చేతులే. "రెండో సూదికి ఎవరున్నారు?" అన్నారాయన, నా మొహంలోకి కాకుండా నీ కుర్చీలోకి చూస్తూ.

కాళ్లు నేల మీద నిలవని
ఉడుత


క్వార్టర్స్,
సామాను సర్దుతూ

ఒసేయ్ ఉడుతా,

నీ ఉత్తరం గేటు దగ్గరే చింపి నిలబడే చదివాను. కూర్చోమన్నావు, ఎవరు విన్నారు? మీ అన్నయ్య సిమెంటు చేతులతో పరిగెత్తుకొచ్చి "ఎవరికేమైంది" అన్నాడు. నేను ఏడుస్తున్నాను మరి. ఓడిపోయానని మొదటి పేజీకి ఏడ్చాను, దాచడం ఎందుకు? ఎరుపు అంచు దగ్గర ఆగిందని చదివాక మాత్రం సంతోషానికే ఏడ్చాను. ఆ రెండో ఏడుపే ఇంకా ఆగట్లేదు.

నన్ను ఓడించిన పరీక్ష నాది. రంగు కారకుండా ఆపిన కిటుకు నాది. సూది పట్టినది నాకు పని నేర్పిన మనిషి. గెలిచినది మా ఇంటి పిల్ల. ఇది ఓటమి అని ఎవరైనా అంటే వాళ్ల సంగతి చూస్తాను. ఇవాళ బడిలో పాఠం మానేసి, నల్లబల్ల మీద నీ అల గీసి, నేను తప్పని మా ఆడపడుచు ఎలా చూపించిందో పిల్లలకి చెప్పాను. వెనక బెంచీలో ఒకమ్మాయి, "మరి మీకు సిగ్గుగా లేదా టీచర్" అంది. గర్వంగా ఉంది అన్నాను. నిజమే చెప్పాను.

నడిమధ్య ముళ్లు మాత్రం నావి. సభలో అది గట్టిగా చెప్పు, నేను మొదటి వరసలో కూర్చుని వింటాను. చెప్పకపోతే లేచి నేనే అడుగుతాను.

వంతెన పూర్తవడానికి ఇంకా టైము పడుతుంది. అప్పటిదాకా మీ అన్నయ్య వండుకుంటాడు, లేదా మాడ్చుకుంటాడు. "వెళ్లు, అవతల ఒడ్డు నుంచి కూడా ఎవరో ఒకరు కట్టుకుంటూ రావాలి కదా" అన్నాడు. ఈయనకి ఈమధ్య మాటలు బాగా వస్తున్నాయి. బడి పరీక్షలు అవగానే బయలుదేరుతున్నాను.

గాజు గొట్టాలు వేడిచేసి రెండు రకాల సూదులు లాగి ఉంచు. కుర్చీకి నూనె వెయ్యకు, అది కిర్రుమంటేనే నాకు చెయ్యి కుదురుతుంది. నువ్వు ఇంకో కుర్చీ తెచ్చుకో. గోడ మీద కాగితం చింపొద్దు. "పారేసి ముందుకు పద" అన్నదాని మీద ఒక్క గీత కొట్టి, కింద "రంగు ఎక్కించి చూడు" అని రాయి. పై వరస నా చేతిరాత, కింది వరస నీది. కొత్తగా చేరినవాళ్లకి పెద్దాయన ఇక నుంచి రెండూ చూపించాలి.

నీ రెండో సూది,
వదిన